బీరు చూడనీకి దీవులకు పోతరు, కల్లు తాళ్లను మనమే కొట్టేస్తున్నం

రైతన్నలారా, కొంచెం పెద్ద పోస్టు. పొలం పని అయినంక నిమ్మళంగ చదవండి.

అమెరికాల ఉండే మన పిల్లలు సెలవులు దొరికితే కరీబియన్ దీవులకు పోతరు. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్. క్రికెట్ చూసేటోళ్లకు కొత్త పేర్లేం కావు. సముద్రంల ఈత కొట్టుడు అయినంక అక్కడ చాలామంది చేసే ఇంకో పని ఉంటది: ఆ దీవిలోని చిన్న బ్రూవరీని చూసి వచ్చుడు. బ్రూవరీ అంటే బీరు తయారుచేసే చోటు. ఒక షెడ్డు, నాలుగు స్టీలు ట్యాంకులు, ముంగట కూసోనీకి బల్లలు. చెక్క పలక మీద నాలుగైదు చిన్న గ్లాసులు పెట్టి ఒక్కో రకం రుచి చూపిస్తరు. ఇది మా దీవిలనే తయారైంది అంటే వచ్చినోళ్లు సంబురపడి డాలర్లు ఇచ్చి వస్తరు.

తప్పేం లేదు. ఎక్కడికి పోతే అక్కడి సరుకు రుచి చూడాలె. కానీ మనం రైతులం కాబట్టి ఒక ప్రశ్న అడుగుదాం: ఆ బీరుల ఆ దీవి రైతు పండించింది ఎంత?

బీరుకు బార్లీ కావాలె. బార్లీ చల్లటి వాతావరణం పంట. ఆ వేడి దీవులల్ల పండదు. చేదు కోసం వేసే హాప్స్ అనే పువ్వు కూడా చలి దేశాలదే. రెండూ ఓడల మీద రావాల్సిందే. నీళ్లు అక్కడివి, పని అక్కడిది, ఎప్పుడన్నా ఇన్ని మామిడి పండ్లు కలిపితే అవి అక్కడివి. జమైకాల రెడ్ స్ట్రైప్ అనే బీరు 1928 నుంచి ఉన్నది. ఆ కంపెనీ సుత 2013 ప్రాంతంల ఆలోచనల పడ్డది: సరుకంతా బయటినుంచే తెచ్చుకుంటే మన రైతుకేం మిగులుతది అని. అక్కడ పండే కర్రపెండలం పిండిని బీరుల కొంత వాడుదామని రైతులతోని సాగు మొదలుపెట్టించింది. అంటే ఎనభై ఏండ్లు దాటిన కంపెనీ కూడా ఊరి పంట కోసం దేవులాడింది.

ఇప్పుడు మన స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు చూడండి. మన గెట్టు మీది తాడుకు ఓడ అవసరం లేదు, కరెంటు అవసరం లేదు, ట్యాంకు అవసరం లేదు. గౌడన్న మోకు, ముస్తాదు ఏసుకొని పొద్దుగాల ఎక్కుతడు, గెలను కత్తితోని సన్నగ గీస్తడు, లొట్టి కడతడు. కారే రసం తియ్యటి నీరా. గాలిల, లొట్టిల ఉండే ఈస్టు దాన్ని అప్పటికప్పుడే పులియబెడుతది. బీరు తయారైతందుకు వారాలు పడితే కల్లు కొన్ని గంటలల్లనే అయితది. పొద్దుగాల తియ్యగుంటది, మాపటికి పులుపెక్కుతది. సీజన్‌ను బట్టి పోద్దాటి కల్లు ఒక రుచి, పండుతాటి కల్లు ఇంకో రుచి. పలక మీద నాలుగు గ్లాసులు పెట్టి చూపించే రకాలు మన దగ్గర చెట్టు చెట్టుకు ఉన్నయి. చెట్టు మనది, మనిషి మన ఊరోడు, తాగేది తాటాకు రేకల.

పట్నపోళ్లకు ఈ సంగతి తెలుసు. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023ల సర్కారు నీరా కేఫ్ పెట్టింది. ఊర్లల్ల చెట్టు నుంచి దిగేదాన్నే అక్కడ కూసోని గ్లాసుల పోయించుకొని తాగుతున్నరు. ఇక మన ఊరి బెల్టు షాపుల సల్లగ దొరికే బీరు సీసా చూడండి. మన దేశంల బార్లీ ఎక్కువ పండేది రాజస్థాన్‌ల. ఆ సీసాకు ఇచ్చిన పైసలల్ల కంపెనీకి పోయేది, పన్నుకు పోయేది తీసేస్తే మన ఊర్ల మిగిలేది షాపోని కమీషనే. కల్లుకు ఇచ్చిన పైసలు ఆ సాయంత్రమే మన ఊరి కిరాణం దుకాణంల ఖర్చయితయి.

అయినా మనం చేస్తున్నదేంది? జేసీబీ పెట్టి గెట్లు సాపు చేసినప్పుడు ముందు పోయేది తాడే. దేవాదుల నీళ్లొచ్చి పత్తి చెల్క వరి మడి అయినకాడ తాడు పోయింది. ప్లాట్లు చేసినకాడ పోయింది. హార్వెస్టర్ తిరగదని కొన్ని, నీడ పడుతదని కొన్ని పోయినయి. వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నది, చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలె అంటది. అడిగేటోళ్లు ఎంతమంది?

మీరు చెప్పే మాటలు నాకు తెలుసు. నీడ పడితే పంట తగ్గుతది అంటరు. తాడుకు కొమ్మలుండయి, పైన గుండ్రటి తల ఒక్కటే. ఆ నీడ పొద్దుతోని జరుగుతనే ఉంటది. వేప చెట్టు, తుమ్మ చెట్టు లెక్క ఒకే కాడ కమ్ముకోదు. మడి నడుమ ఉంటే ఇబ్బందే, ఒప్పుకుంట. గెట్టు మీద ఉన్నదానితోని ఏం నష్టం? ముంజలిస్తది, పండ్లిస్తది, తేగలిస్తది, ఆకులు పందిరికి పనికొస్తయి, గెట్టు మట్టి కోసుకపోకుండ పట్టుకుంటది. ఒడిశాల పిడుగులు పడి రైతులు చనిపోతుంటే అక్కడి సర్కారు ఎత్తయిన తాటి చెట్లు నాటిస్తున్నది.

ఇంకో మాట అంటరు: ఎక్కేటోడే లేడు, చెట్టుంచి ఏం లాభం? నిజమే, గౌడన్నల పిల్లలు ఎక్కుతలేరు. పడితే నడుము పోతది, లేకపోతే పానమే పోతది. 2024 జూలైల సర్కారు కాటమయ్య రక్షణ కవచం పేరుతోని సేఫ్టీ కిట్లు ఇచ్చుడు మొదలుపెట్టింది, మంచిదే. కానీ రోజు గడవాలంటే గీసేటోనికి సరిపోయే చెట్లు దగ్గర దగ్గర ఉండాలె. ఇక్కడ రెండు, కిలోమీటరు అవతల మూడు ఉంటే ఎంత కిట్టు ఇచ్చినా ఎవడెక్కుతడు? మనిషి లేడని చెట్టు కొడుతున్నం, చెట్టు లేదని మనిషి పోతున్నడు.

అన్నింటికన్న భయమయ్యేది మందు కల్లు. చెట్లు తగ్గినయి గని తాగేటోళ్లు తగ్గలే. ఆ కొరతల్నే పౌడరు దూరింది. క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, ఆల్ప్రజోలం, ఇవన్ని నీళ్లల్ల కలిపి కల్లని పోస్తరు. 2025 జూలైల హైదరాబాద్ కూకట్‌పల్లిల కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయిన్రు. రోజూ తాగి అలవాటైనోనికి అది దొరకకపోతే చేతులు వణుకుతయి, మతి తప్పుతది. నేను ఎవ్వరినీ తాగమంటలేను. చెట్టు కల్లు కూడా మత్తే, మితం తప్పితే ఇల్లు గుల్లయితది. తాగేటోడు ఎట్లైనా తాగుతడు, మరి చెట్టు కింద లొట్టి నుంచి పోసింది తాగాలెనా, ఎక్కడ కలిపిన్రో తెల్వని సీసాది తాగాలెనా?

మన పక్కనే రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్ ఉన్నది. కల్లు గీసే ఇంట్ల పుట్టిన సర్వాయి పాపన్న కోట అది. 1708ల మొగలుల చేతిల ఉన్న వరంగల్ మీదికే పోయినోడు. జయంతి నాడు దండలేస్తం, విగ్రహాలు పెడతం. ఆయన కులవృత్తికి ఆధారమైన చెట్టును మాత్రం ట్రాక్టరుకు అడ్డమని పడగొడతం.

అందుకే మూడు పనులు చేద్దాం. ఒకటి, గెట్టు మీది తాడును కొట్టే ముందు మీ ఊరి గౌడన్నను ఒక్క మాట అడగండి, అది గీతకు వచ్చే చెట్టేనా అని. రెండు, వానాకాలంల పండ్లు రాలినప్పుడు టెంకలు ఏరి గెట్టెంట పాతండి. నీళ్లు పోసే పని లేదు. గీతకు వచ్చేసరికి పదిహేనేండ్ల పైనే పడుతది, అంతదాక ఆగలేమనుకుంటే నడుమ నడుమ ఈత పెట్టండి, అది తొందరగ అందుతది. మూడు, కల్లు కొంటే గీసినోని దగ్గరనే, చెట్టు కిందనే కొనండి.

అమెరికా పిల్లలు సంక్రాంతికి ఇంటికొస్తరు. ఆ దీవుల బ్రూవరీ ముచ్చట చెప్పినప్పుడు వినండి. విని, తెల్లారి పొలం కాడికి తోలుకపోయి లొట్టి దించేది చూపెట్టండి. అయితే అప్పటిదాక చూపెట్టనీకి ఒక్క తాడన్న ఉండాలె. మీ గెట్టు మీద ఇప్పుడు ఎన్నున్నయో ఒకసారి పోయి లెక్కపెట్టండి.