పాఠం, పరీక్ష, పట్టా ఒకే చేతిలోనా?

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు నేర్చుకోవడానికి రెండేళ్లు పడుతుంది. ఆకురాయి సరిగ్గా పట్టడానికి, వెర్నియర్‌తో కొలత తప్పకుండా తీయడానికి చేతులు అలవాటు పడాలంటే ఆ మాత్రం కాలం కావాలి. కానీ ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద సాగిన స్వల్పకాలిక కోర్సుల నిడివి 150 నుంచి 300 గంటలే. కొన్ని పనులకు అది సరిపోవచ్చు. దాన్నే దేశానికి దారిగా చూపించడమే తప్పు. 2022 నాటికి 50 కోట్ల మందికి నైపుణ్యం అందిస్తామని 2009 జాతీయ నైపుణ్యాభివృద్ధి విధానం ప్రకటించింది. అంత పెద్ద సంఖ్య తలకెత్తుకున్నాక రెండేళ్ల చదువుకు ఓపిక ఎవరికుంటుంది?

ఈ తొందరకు బాధ్యులెవరని అడిగితే వేళ్లన్నీ ఢిల్లీలోని సలహా మండళ్ల వైపే చూపిస్తాయి. పరిశ్రమకు ఏం కావాలో పరిశ్రమే చెప్పాలంటూ సెక్టార్ స్కిల్ కౌన్సిళ్లను ఏర్పాటు చేశారు. ఆలోచన మంచిదే. అయితే ప్రమాణాలు రాయడం, పరీక్ష పెట్టించడం, సర్టిఫికెట్ ఇవ్వడం అన్నీ ఆ కౌన్సిళ్లకే అప్పగించారు. ఎంతమందికి పరీక్ష పెడితే వాటికి అంత ఫీజు. శిక్షణ సంస్థకు రావాల్సిన సొమ్ములో పెద్ద వాటా అభ్యర్థి పాసవడంతో ముడిపడింది. ఈ ఏర్పాటులో ఎవరినైనా ఫెయిల్ చేస్తే నష్టపోయేవాళ్లే అందరూ. పని రాని పిల్లవాడి చేతిలో పట్టా పెట్టి పంపితే నష్టం వాడొక్కడికే, ఉద్యోగం అడిగిన రోజున.

ఈ మాట మేం కొత్తగా అంటున్నది కాదు. 2016లో కేంద్రమే వేసిన శారదా ప్రసాద్ కమిటీ కౌన్సిళ్ల పనితీరును లోతుగా పరిశీలించింది. వాటిలో స్వప్రయోజనాల వైరుధ్యం ఉందని, అందరూ అంకెల వెంట పరుగెడుతున్నారే తప్ప యువతకు ఉపాధీ దక్కలేదని, పరిశ్రమల అవసరమూ తీరలేదని చెప్పి, వాటి సంఖ్యను తగ్గించమంది. ఆ కమిటీ అధ్యక్షుడు కేంద్ర శిక్షణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన అధికారి, వ్యవస్థను లోపలి నుంచి చూసిన మనిషి. కౌన్సిళ్లు ఇప్పటికీ కొనసాగుతున్నాయి. వాటిని నిలబెట్టిన నేషనల్ స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లో 51 శాతం వాటా ప్రైవేటుది. ఖర్చు చేసిన డబ్బు మాత్రం దాదాపు అంతా ప్రజలదేనని కాగ్ 2015లోనే తేల్చింది.

గడువుల కథ ఇంకా పాతది. 1986 జాతీయ విద్యావిధానం ఇంటర్ స్థాయి విద్యార్థుల్లో 25 శాతాన్ని 1995కల్లా వృత్తి కోర్సుల్లోకి తెస్తామంది. 1992లో ఆ గడువును 2000కు జరిపారు. అప్పటికీ ఆ లక్ష్యం దరిదాపులకు చేరలేదు. ఎందుకు చేరలేదో ఎవరూ సంజాయిషీ ఇచ్చుకోలేదు. 2020 విధానమైతే 2025 నాటికి విద్యార్థుల్లో కనీసం 50 శాతానికి వృత్తి విద్య పరిచయం కావాలంది. ఆ ఏడాదీ దాటిపోయింది. 1956లో సలహా సంఘంగా పుట్టిన జాతీయ వృత్తి శిక్షణ మండలి (ఎన్‌సీవీటీ) స్థానంలోకి 2018లో జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి (ఎన్‌సీవీఈటీ) వచ్చింది. బోర్డు మారింది, పాత వైఫల్యాలకు జవాబు చెప్పాల్సిన వాళ్లు లేకుండా పోయారు.

మన రెండు రాష్ట్రాల్లో ఒకేషనల్ ఇంటర్ చదివే విద్యార్థిని అడిగి చూడండి. పైచదువులో సాధారణ కోర్సుల వైపు వెళ్లాలంటే బ్రిడ్జి కోర్సు పేపర్లు అదనంగా రాయాలి. రెండు చదువులూ సమానమేనని విధాన పత్రాల్లో రాసినవాళ్లు ఆ పిల్లల ఇంటి పరిస్థితి ఎరుగుదురా? ఎక్కువ మంది కూలీల, చిన్న రైతుల బిడ్డలు. వాళ్ల తల్లిదండ్రులు ఏ మండలిలోనూ కూర్చోరు.

దేశంలోని సుమారు 15 వేల ఐటీఐల్లో నాలుగింట మూడొంతులు ప్రైవేటువే. కాబట్టి సలహా మండలిలో ఎవరు కూర్చుంటారన్నది చిన్న విషయం కాదు. శిక్షణ వ్యాపారం చేసేవారు, ఆ వ్యాపారంలో వాటా ఉన్నవారు ప్రమాణాలు నిర్ణయించే కుర్చీల్లో ఉండకూడదు. వర్క్‌షాపులో పిల్లలకు నేర్పే ఇన్‌స్ట్రక్టర్లకు, అప్రెంటిస్‌గా పనిచేసి బయటికొచ్చిన కార్మికులకు అక్కడ ఓటుహక్కుతో చోటివ్వాలి. ప్రతి సమావేశపు మినిట్స్ బయటపెట్టాలి. అన్నిటికన్నా ముందు, శారదా ప్రసాద్ కమిటీ సిఫార్సుల్లో వేటిని అమలుచేశారో, వేటిని ఎందుకు పక్కనపెట్టారో కేంద్రం పార్లమెంటుకు రాతపూర్వకంగా చెప్పాలి.