ఆటకు బాడుగ



ఛందస్సును గురించో, అరసున్నను గురించో వ్రాసుకొనే ఈ పుటలో కంప్యూటరు ఆటల ప్రసక్తి ఏమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. కానీ మన ఈడువారందరి నోటా వినవచ్చే ఒక మాటను ఖండించక తప్పని పరిస్థితి వచ్చింది. "ఆటకు డబ్బు కట్టడమా? ఉచితంగా బోలెడు దొరుకుతుంటేనూ!" అన్నదే ఆ మాట. ఈ మాట నేనూ అన్నాను. అది ఎంత అవివేకమో నాలుగు వేల ఏడు వందల రూపాయలు పోగొట్టుకొని తెలుసుకున్నాను.

మా మనవడు ఇంటరు మొదటి సంవత్సరం. మొన్నటి వేసవి సెలవులకు అనంతపురం వచ్చి, ఒక సాయంత్రం నా ప్రక్కన చేరాడు.

"తాతా, నెలకొక పదమూడు వందలు కడతావా? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడుకుంటా."

"ఆటకు బాడుగేందిరా?" అన్నాను. "ఇల్లయితే బాడుగ, ఎద్దులయితే బాడుగ. ఆటకు యాడన్నా బాడుగ ఉంటాదా? ఊరికే వచ్చేటివి లేవా?"

ఉన్నాయి. వాడు బుద్ధిగా నా మాట విని, ఊరికే వచ్చే ఆట ఒకటి ఫోనులో దింపుకున్నాడు. తరువాతి కథ ముందు ముందు చెబుతాను.

అసలు ఈ ఆట ఏమిటో తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. ఆడేవాడు ఒక వేషం ధరిస్తాడు. యోధుడో, మాంత్రికుడో, వైద్యుడో కావచ్చు. వేలమంది తలొక వేషంతో ఒకే కాల్పనిక లోకంలో తిరుగుతారు, జట్లు కడతారు, రాక్షసులతో పోరాడతారు. ఆ లోకం కంపెనీవారి సర్వర్లలో రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటుంది. అలా నడుపుతున్నందుకు నెలనెలా చందా. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ చందా 9.95 డాలర్లు. 2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అమెరికాలో 14.99 డాలర్లు పెట్టింది. 2024లో ఇరవై ఏళ్ళు నిండేనాటికి కూడా అక్కడ ఆ అంకె మారలేదు. 2010 అక్టోబరులో ఈ ఆటకు కోటీ ఇరవై లక్షల మంది చందాదారులున్నారు.

వేషం వేయడాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికున్నా మన జిల్లావారికి లేదు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు మన ధర్మవరంలో పుట్టినవారు. బళ్ళారి రాఘవ 1880లో మన తాడిపత్రిలో పుట్టాడు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నా చిన్నతనంలో బొమ్మలాట వారు వస్తే ఊరంతా చందాలు వేసుకొనేది. అదే పదం, గమనించండి, చందా. ఆట చూసి ఆనందించినవాడు ఆడించినవాడి పొట్టకు ఇంత పెట్టాలన్నది మనకు కొత్త నీతి కాదు. ఆటను తయారుచేసేవారికీ, నడిపేవారికీ కూడు కావాలి. ఆ కూడు ఎక్కడినుండి వస్తోందో కనబడుతున్నంతకాలం అది ధర్మమైన బేరమే.

కనబడనిచోటే ప్రమాదం. ఇప్పుడు ఆ ఉచితపు ఆట సంగతి.

మొదటి వారం పైసా లేదు. రెండవ వారం ఒక పెట్టె కనబడిందట. నలభై తొమ్మిది రూపాయలిస్తే తెరుచుకుంటుంది. లోపల ఏముంటుందో ముందుగా చెప్పరు. మంచి ఖడ్గం రావచ్చు, చింకి చొక్కా రావచ్చు. చొక్కాయే వచ్చింది. ఇంకొక పెట్టె. రెండు నెలలు తిరిగేసరికి వాళ్ళ నాన్న ఫోను ఖాతానుండి నాలుగు వేల ఏడు వందలు పోయాయి. వాడు ఏడుస్తూ చెప్పాడు: "పెద్ద మొత్తం ఎప్పుడూ కట్టలేదు తాతా. అన్నీ చిన్నవే."

ఈ "అన్నీ చిన్నవే" అన్న మాట విని నాకు నిద్రపట్టలేదు. అది నేను ముప్పై ఏళ్ళ క్రిందట మా తమ్ముడి నోట విన్న మాట. వాడు శెనిక్కాయ పంటను నమ్ముకున్న రైతు. ఒక ఏడు వాన ముఖం చాటేసింది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్ళు చూసేవాణ్ణి పిలిపించాడు. ఆయన చూపినచోట బోరు వేశారు. అడుగుకు ఇంతని లెక్క. లోతు పోయేకొద్దీ అడుగు ధర పెరుగుతుంది. మూడు వందల అడుగులకు దుమ్ము లేచింది. "ఇంతదాకా వచ్చి ఆపుతామా, ఇంకొక యాభై అడుగులు" అన్నాడు బండివాడు. నాలుగు వందలకూ దుమ్మే. రెండవ బోరు, మూడవ బోరు. ఏడవ బోరుకు వాడి భార్య మెడలోని పుస్తెలు తాకట్టుకు పోయాయి, ఆ మరుసటి ఏడు భూమి పోయింది. ఏ ఒక్కనాడూ వాడు పెద్ద నిర్ణయం తీసుకోలేదు. ప్రతిసారీ యాభై అడుగులే.

అనంతపురంలో పుట్టినవాడికి ఈ కథ విడమరిచి చెప్పనక్కరలేదు. ఇప్పటికే భూమిలో పోసిన డబ్బు, ఇంకా పొయ్యమని చెప్పే సాక్ష్యం కానే కాదు. అయినా మనస్సు దానినే సాక్ష్యంగా నిలబెడుతుంది. సభాపర్వంలో ధర్మరాజు కూడా ధనం, రాజ్యం, తమ్ములు, తాను అంటూ ఒక్కొక్క పందెంగానే దిగజారాడు. ధృతరాష్ట్రుడు సమస్తమూ తిరిగి ఇచ్చిన తరువాత పిలుపు రాగానే మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. రామకృష్ణమాచార్యులవారు 1887లో ఆడించిన చిత్రనళీయంలోని నలుడు సైతం జూదంలోనే రాజ్యం పోగొట్టుకున్నవాడు. పేరు తెలియని పెట్టెకు డబ్బిచ్చి అదృష్టం చూసుకోవడం ఆ జాతికి చెందినదే. బెల్జియం దేశపు జూద నియంత్రణ సంఘం 2018లో ఇటువంటి పెట్టెలు జూదమేనని తేల్చి చెప్పింది.

మన పార్లమెంటు సైతం ఈ భేదాన్ని గుర్తించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించింది. వినోదం కోసం ఆడే ఆటలకు చందాగానో, ప్రవేశ రుసుముగానో డబ్బు తీసుకోవచ్చునంది, అది పందెం కానంతవరకు. రుసుము వేరు, పందెం వేరు. రుసుము కట్టినవాడికి ఏం దొరుకుతుందో ముందే తెలుసు. పందెం కట్టినవాడికి తెలియదు. డబ్బు గెలిచే ఆశ చూపని పెట్టెలు ఆ నిషేధంలోకి వస్తాయో రావో న్యాయవాదులు తేలుస్తారు. ఇంట్లో తేల్చవలసినవాళ్ళం మనం.

అయితే చందా ఆటను నెత్తిన పెట్టుకొని ఊరేగమనడం లేదు. దాని పక్షాన చెప్పే ఒక వాదం నాకు ఒళ్ళుమంట. "నెలకు నలభై గంటలు ఆడితే గంటకు ముప్పై రూపాయల పైచిల్లరే పడుతుంది, సినిమాకంటే చవక" అంటారు. దీని ప్రకారం ఎనభై గంటలు ఆడితే ఇంకా చవక, నిద్ర మాని ఆడితే పరమ చవక! గంటలను లాభం వైపు వేసిన లెక్క ఇది. పదహారేళ్ళ పిల్లవాడి గంటలు ఖర్చు వైపు వేయవలసినవి. ఎనిమిదవ తరగతి లెక్కల మాస్టారయినా ఈ తప్పుకు మార్కులు కోస్తాడు.

ధర కూడా అల్పం కాదు. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రాష్ట్రంలో రోజు కూలీ 307 రూపాయలు. అంటే ఎర్రటి ఎండలో మట్టి తవ్వినవాడి నాలుగు రోజుల పైచిలుకు కష్టం ఒక నెల చందాకు సమానం. పైగా ఈ ఆటకు భారతదేశానికంటూ సర్వర్లు లేవు. ఐరోపా సర్వరులో చేరితే మనవాడు కత్తి ఎత్తిన కబురు సముద్రాలు దాటి వెళ్ళాలి. చందా కట్టాము కదా అని వేరే దుకాణం ఉండదనుకోకండి. 2010 ఏప్రిల్‌లోనే ఆ కంపెనీ చందాదారులకు 25 డాలర్లకు ఒక మెరిసే గుఱ్ఱాన్ని అమ్మింది.

అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం మరొకటి. ఏళ్ళ తరబడి బాడుగ కట్టినా ఆ వేషం ఆడేవాడి సొత్తు కాదు. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆటను 2012 నవంబరు 30న మూసివేశారు. ఎనిమిదేళ్ళు పెంచుకున్న పాత్రలు ఆ రాత్రితో సరి. ఇక్కడ మీలో ఎవరైనా "మాస్టారూ, మీ బ్లాగు మాత్రం ఉచితంగా పరుల గూటిలో లేదా?" అని నిలదీయవచ్చు. ఉంది. జియోసిటీస్ 2009లో మూతపడినప్పుడు, గూగుల్ రీడర్ 2013లో పోయినప్పుడు మనమంతా గగ్గోలు పెట్టినవాళ్ళమే. అయినా నా వ్యాసాన్ని నేను నకలు తీసి పెట్టెలో దాచుకోగలను. వాడు తన యోధుణ్ణి దాచుకోలేడు. కాబట్టి ఆ ఆటకు కట్టేది కొనుగోలు ధర కాదని, ఆ నెల ఆనందానికి వెల మాత్రమేనని తెలిసి కట్టాలి. బొమ్మలాటకు చందా వేసినవాడు తెల్లవారాక బొమ్మలను ఇంటికి తెచ్చుకున్నాడా?

ఇన్ని అభ్యంతరాలుండి చివరకు ఏం చేశానంటారా? కట్టాను.

ముందు ఊరికే ఆడనిచ్చినంత మేరకు ఆడమన్నాను. ఈ ఆటలో 20వ స్థాయి దాకా చందా లేకుండానే ఆడవచ్చు. అదయ్యాక కూడా వాడు అడిగాడు. పింఛను ఖాతానుండి ఒక నెల కట్టి, కట్టిన గంటలోనే, మరుసటి నెల దానంతటదే తెగే ఏర్పాటును వాడి చేతనే రద్దు చేయించాను. రద్దు చేసినా కట్టిన నెల నిండేదాకా ఆట ఆగదు. ఒకే షరతు పెట్టాను: నెల నిండిన రోజున వచ్చి మళ్ళీ అడగాలి, ఎందుకు కావాలో చెప్పాలి. "ఇన్ని స్థాయిలు ఎక్కాను కదా, పోతాయి కదా" అన్న మాట మాత్రం చెల్లదు. అది బోరు బండివాడి మాట.

మొదటి నెల నిండాక వచ్చాడు. జట్టులో తమిళ పిల్లవాడొకడు, పోలండు పిల్లవాడొకడు స్నేహితులయ్యారని, ముగ్గురూ కలిసి ఒక కోటను ఛేదించాలనుకున్నారని చెప్పాడు. కట్టాను. రెండవ నెల వచ్చాడు. కోట దక్కిందట, ఇంకొకటుందట. కొంచెం గొణిగి కట్టాను. మూడవ నెల వాడే ఫోను చేశాడు.

"ఈ నెల వద్దులే తాతా. పరీక్షలుండాయి. ఆ వేషం ఆడనే ఉంటాదంట. మళ్ళా కావాలంటే అడుగుతా."

ఆ రోజు ఉండటమే చందా ఆటలోని సుగుణం. నెలకొకసారి లెక్క చూసుకొనే రోజు ఒకటి వస్తుంది. ఆగడానికొక గుమ్మం ఉంటుంది. ఉచితపు ఆటకు ఆ గుమ్మం లేదు. మా తమ్ముడి బోరుకూ లేదు. నెలకొకసారి బండిని ఆపి "ఇప్పటిదాకా పోసినది మరచిపో, ఈ రోజు కొత్తగా మొదలుపెడుతున్నావనుకో, వేస్తావా?" అని అడిగేవాడుంటే వాడి భూమి నిలిచేదేమో. ఆ ఊళ్ళో చదువుకున్న అన్నను నేనే. నేను అడగలేదు.

కంపెనీలకు ఈ గుమ్మం గిట్టదు. అందుకే అడగకుండా దానంతటదే కోసుకొనే పద్ధతిని పెడతాయి. రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుండి, మన కార్డులనుండి ఇలా నెలనెలా కోతపడే ముందు కనీసం 24 గంటలకు ముందే ఖాతాదారునికి కబురు పంపాలన్న నియమాన్ని అమలులోకి తెచ్చింది. చాలామంది ఆ సందేశాన్ని చూడకుండానే తుడిచివేస్తారు. తుడిచివేయకండి. ఆ ఒక్క సందేశం కోసం ఇంట్లో అయిదు నిమిషాలు కూర్చోండి.

కనుక "ఆటకు డబ్బా?" అని పిల్లలను కసిరే తాతలకూ, తండ్రులకూ నా విన్నపం ఇది. కట్టడమా మానడమా అన్నది మీ ఇంటి లెక్కను బట్టి తేలుతుంది. నాలుగు రోజుల కూలీ బరువైన ఇంట్లో మానడమే మర్యాద. కానీ చందాకు జడిసి పిల్లవాణ్ణి ఉచితం వైపు తోలకండి. ధర చెప్పి అమ్మేవాడితో బేరమాడవచ్చు. ధర చెప్పనివాడితో ఏమి బేరం?

విభేదించే మిత్రులు నిర్మొగమాటంగా వ్యాఖ్యానించండి. మా తమ్ముడు అంతర్జాలం చూడడు కాబట్టి ఈ టపాను వాడికి వచ్చే ఆదివారం చదివి వినిపిస్తాను.