పొదుపు చేసినవారికి ఫలం దక్కాలి

మా హాస్టల్ గోడ మీద "విద్యుత్తును పొదుపు చేయండి" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రోజూ దాని ముందు నుంచే బడికి వెళ్తాం. వెనక గదుల్లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. 75 వాట్ల ఫ్యాన్లు పది, 8 గంటలు ఊరికే తిరిగితే 6 యూనిట్లు వృథా. ఈ లెక్క మాకు తెలియక కాదు. బిల్లు మేము కట్టం, ఆదా అయినా మాకేమీ రాదు. అందుకే ఆ నీతివాక్యం గోడ మీదే ఉండిపోయింది.

పొదుపు చేసినవారికి ఎంతో కొంత ప్రతిఫలం దక్కాలన్నది మా అభిప్రాయం. 2001లో అమెరికాలోని కాలిఫోర్నియాలో తీవ్రమైన కరెంటు కొరత వచ్చింది. ఆ వేసవిలో, కిందటేటి కంటే 20 శాతం తక్కువ వాడినవారికి బిల్లులో 20 శాతం తగ్గించారు.

మన తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. పేదలకు మేలు చేసే ఈ పథకం ఉండాల్సిందే. అయితే 180 యూనిట్లు వాడినా, 80 వాడినా ఒకటే. తగ్గించినవారికి కూడా ఏదైనా ప్రోత్సాహకం ఇస్తే ఎంత బాగుంటుంది!

కానీ శాతం లెక్క ఒక్కటే చాలదు. రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న మా ఇళ్లలో 20 శాతం తగ్గించమంటే ఏ బల్బు ఆర్పాలి? నాలుగు ఏసీలున్న ఇంట్లో ఒకటి ఆపితే బహుమతి వచ్చి, మొదటి నుంచీ పొదుపుగా బతికే మా అమ్మలకు ఏమీ రాకపోతే అది న్యాయమా? తక్కువ వాడేవారికి విడిగా ప్రోత్సాహకం ఉండాలి.

ఈ పని హాస్టళ్ల నుంచే మొదలుపెట్టమని వార్డెన్ గారికి, అధికారులకు మా విన్నపం. ఒక్కో విద్యార్థికి నెలకు ఇన్ని యూనిట్లని లెక్క కట్టండి. అంతకంటే తక్కువ వాడితే, ఆదా అయిన సొమ్ములో సగం మా గ్రంథాలయానికి, ఆటవస్తువులకు ఇవ్వండి. ఊరంతా ఒక్కసారే కరెంటు వాడే సాయంత్రం వేళ నీళ్ల మోటారు వేయవద్దు. సౌర విద్యుత్తు బాగా దొరికే మధ్యాహ్నం వేయించండి. స్టడీ అవర్ లైట్లకు మాత్రం కోత పెట్టకండి. చదువుకునే దీపం ఆర్పి చేసేది పొదుపు కాదు.

ప్రతి నెలా కరెంటు బిల్లు నోటీసు బోర్డు మీద అంటించండి. స్విచ్చిల సంగతి మేము చూసుకుంటాం.