ఇంటర్మీడియెట్ పరీక్ష - తల్లిదండ్రుల ధర్మము

మన పట్టణములందు ఏ కూడలిని జూచినను, ర్యాంకులు గడించిన బాలబాలికల ఛాయాపటములు నిలువెత్తు పలకలమీద గాన్పించుచున్నవి. ఆ పటముల క్రింది యంకెలు మన పిల్లలకు కంఠస్థములు. కాని ఇంటర్మీడియెట్ పరీక్షయందు ఉత్తీర్ణు డగుటకు వలసిన దేమి, ఒక విషయమున తప్పినవానికి గల మార్గమేమి, కష్టకాలమున నెవరి నాశ్రయింపవలయును అని యొక తండ్రిని అడిగి చూడుడు. సరియైన ప్రత్యుత్తరము లభించుట యరుదు. దస్తావేజు చదివింపక పొలము కొనువాడు మనలో లేడు. అట్టి గృహస్థుడే లక్ష రూపాయలు చెల్లించి, బిడ్డను వసతిగృహమున విడిచి, ఆ చదువుయొక్క నియమము లెట్టివో విచారింపక యింటికి తిరిగి వచ్చుచున్నాడు.

ఇది కేవలము ఉపేక్షయని మేము నిందింప బూనము. తల్లిదండ్రులలో పెక్కండ్రు తామీ చదువు చదివినవారు కారు. చదివినవారికిని నాటి పద్ధతి వేఱు, నేటి పద్ధతి వేఱు. 1969లో పూర్వపు పి.యు.సి.కి బదులుగా రెండేండ్ల ఇంటర్మీడియెట్ మన రాష్ట్రమున ప్రవేశించినది. 1971లో దానికై ప్రత్యేకమైన బోర్డు వెలసినది. మొదట రెండవయేటి చివర నొకే పరీక్ష యుండెను. 1978-79 మొదలుకొని యేటేట పరీక్ష జరుగుచున్నది. 2014లో రాష్ట్రము రెండైన పిదప బోర్డులును రెండైనవి. నియమములును గడువులును కళాశాల గోడమీద నంటింపబడి అచ్చటనే మాసిపోవుచున్నవి. నూఱుమైళ్ల దూరమున నున్న తండ్రికి ఆ గోడ కానవచ్చు టెట్లు? కావున ముఖ్యాంశములను నేడు మా పాఠకుల యెదుట నుంచుచున్నాము.

మొదటిది హాజరు. నూటికి 75 వంతుల దినములు విద్యార్థి తరగతికి వచ్చియుండవలయును. కొంత తక్కువైనచో రుసుము గైకొని క్షమించు నియమము కలదు గాని, ఆ క్షమకును హద్దు కలదు. రెండవది ఉత్తీర్ణత. ప్రతి విషయమునందును నూటికి 35 మార్కులు రావలయును. తక్కినవానిలో నెన్ని మార్కులు వచ్చినను ఒక్క పత్రమున తక్కువైనచో ఆ పత్రము తప్పినట్లే. తెలంగాణమున 2025వ సంవత్సరపు పరీక్షలలో గణిత, భౌతిక, రసాయన శాస్త్రముల శాఖకు మొదటి యేట 470, రెండవ యేట 530, వెరసి 1000 మార్కులు. ఈ 530లో రెండు ప్రయోగపరీక్షలకు ముప్పదేసి చొప్పున 60 మార్కులు చేరియున్నవి. ఈ ప్రయోగపరీక్షలను చులకనగా జూచి యుత్తీర్ణతను చేజార్చుకొనువారును గలరు. 750 గాని యంతకు మించి గాని వచ్చినచో ఎ గ్రేడు, 600 గాని యంతకు మించి గాని వచ్చినచో బి గ్రేడు. ఆంధ్రప్రదేశమున 2025-26లో మొదటి యేటికి నూతన పాఠ్యప్రణాళిక వచ్చినది. గణితమున రెండు పత్రములకు బదులు ఒకే పత్రమైనది. మార్కుల పంపకమును మారినది. కావున అన్నకు వర్తించిన లెక్క తమ్మునికి వర్తించునని తల్లిదండ్రులు నమ్మియుండరాదు. ఏయేటి ప్రకటన నాయేటనే చదువవలయును.

ఉత్తీర్ణత యొకటి, పై చదువున కర్హత మఱియొకటి. ఈ భేద మెఱుగక మోసపోవు కుటుంబములు గలవు. 35 మార్కులతో ఇంటర్మీడియెట్ గట్టెక్కవచ్చును. కాని తెలంగాణమున ఇంజనీరింగు ప్రవేశమునకు శాఖావిషయములందు సామాన్యముగా నూటికి 45, రిజర్వేషను గలవారికి 40 వంతులు కావలయును. జె.ఇ.ఇ. మూలమున జాతీయ సాంకేతిక విద్యాలయములలో చేరగోరువాడు నూటికి 75 వంతులైనను దెచ్చుకొనవలయును, లేదా తన బోర్డులో నుత్తీర్ణులైనవారియందు మొదటి యైదవ భాగమున నైనను నుండవలయును. షెడ్యూల్డు కులములకును తెగలకును 65 వంతులు చాలును. ప్రవేశపరీక్ష ర్యాంకు నొక్కదానినే జపించుచు, బోర్డు పరీక్షను అలక్ష్యము చేయించు కళాశాలల బోధను తల్లిదండ్రు లెంతవఱకు నమ్మదగునో దీనినిబట్టి తెలిసికొనవచ్చును.

ఇక ముఖ్యమైన మాట. ఒకటి రెండు విషయములలో తప్పుట సర్వనాశనము కాదు. మొదటి యేట తప్పిన విద్యార్థి రెండవ యేటి తరగతిలో కూర్చుండుట కా తప్పు అడ్డు కాదు. ఉత్తీర్ణమైన విషయములను మరల వ్రాయ బనిలేదు. తప్పినవానిని మాత్రమే వ్రాయవలయును. దానికై సంవత్సరము వేచియుండ నక్కఱలేదు. 2025లో ఆంధ్రప్రదేశపు ఫలితములు ఏప్రిల్ 12వ తేదిని వెలువడగా, అనుబంధపరీక్షలు మే 12వ తేదిని ప్రారంభమైనవి. తెలంగాణమున ఫలితములు ఏప్రిల్ 22, పరీక్షలు మే 22. అనగా నడుమనున్నది ఒక నెల! ఆ పరీక్షలో నుత్తీర్ణుడైనవాడు ఆ సంవత్సరమే పై చదువున చేరుటకు దారి కలదు. మార్కులు సరిగా రాలేదని తోచినవారు మరల లెక్కింప గోరవచ్చును, జవాబుపత్రమును పునఃపరిశీలింప గోరవచ్చును. అయితే దానికి గడువు ఇంచుమించు ఒక వారము మాత్రమే. ఇల్లెల్ల విలపించుచుండగా ఆ వారము గడచిపోవుచున్నది.

బోర్డు చెప్పినది బ్రహ్మవాక్కు కాదని 2019వ సంవత్సరము మనకు నేర్పినది. ఆయేడు తెలంగాణమున ఇంటర్మీడియెట్ ఫలితములలో దోషములు బయల్పడినవి. ఫలితముల తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ప్రభుత్వము త్రిసభ్యసంఘమును నియమించి, తప్పిన వారందఱి పత్రములను రుసుము లేకుండ పునఃపరిశీలింపజేసెను. తప్పిరని ప్రకటింపబడినవారిలో వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. లెక్క సరిదిద్దబడినది, పోయిన బిడ్డలు తిరిగి రాలేదు. ఒక యంకె తప్పుగా పడవచ్చునన్న మాటయు, తప్పు కాకపోయినను నెలనాళ్లలో దిద్దుకొన వచ్చునన్న మాటయు ఆ యిండ్లలో ముందుగా వినబడియుండినచో, అందులో కొందఱైనను నేడు మనమధ్య నుండెడివారేమో!

సహాయము లేదనుట సత్యము కాదు. ఉన్న సహాయము తెలియకుండుటయే దుఃఖహేతువు. మనసు కలతపడిన విద్యార్థికిగాని, భయపడిన తల్లికిగాని రేయింబవళ్లు ఉచితముగా మాటాడు టెలి మానస్ అను సేవ 2022 అక్టోబరునుండి యున్నది. దాని సంఖ్య 14416. తెలుగుననే మాటాడవచ్చును. బీదవిద్యార్థుల కుపకారవేతనములు, రుసుముల చెల్లింపు కలవు. దరఖాస్తు గడువు దాటరాదు. ఆంధ్రప్రదేశపు ప్రభుత్వ కళాశాలలలో 2025 జనవరినుండి మధ్యాహ్నభోజనము పెట్టుచున్నారు. గోదావరీతీరమున నాకొన్నవారిని కాదనక యన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు దాని కుంచుట సముచితమే. ఆ రాష్ట్రముననే 2025లో ప్రారంభమైన తల్లికి వందనము పథకము ఇంటర్మీడియెట్ విద్యార్థుల తల్లులకును వర్తించినది. నడుమ చదువు మానినవారికి రెండు రాష్ట్రములందును ఓపెన్ స్కూలు ద్వారములు తెఱచియున్నవి.

2025 జూలై 25వ తేదిని సుప్రీముకోర్టు విశాఖపట్టణమున జరిగిన యొక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యమున తీర్పు జెప్పుచు, దేశమందలి విద్యాసంస్థల కన్నిటికిని పదునైదు సూత్రములను విధించినది. నూఱుమంది గాని యంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థయు అర్హతగల సలహాదారుని నియమింపవలయును. మార్కులనుబట్టి పిల్లలను తరగతులుగా విడదీయరాదు. సహాయపు దూరవాణి సంఖ్యలను వసతిగృహములందు అందఱకు గాన్పించునట్లు వ్రాయవలయును. బిడ్డను చేర్చబోవు తండ్రి మొదట నడుగవలసిన ప్రశ్న లివియే. "మీ ర్యాంకు లెన్ని?" అని యడుగుటకు ముందు "మీ సలహాదారు డెవరు? సంఖ్య యేగోడమీద వ్రాసినారు?" అని యడుగుడు. జంకక యడుగుడు, రుసుము చెల్లించువాని కా యధికారము కలదు.

ప్రభుత్వమునకు మా విన్నప మొకటి. ప్రతి బోర్డును ఏటేట నాలుగు పుటల తెలుగు కరపత్రము నొకదానిని ముద్రించి, ప్రవేశదినమున తల్లిచేతి కీయవలయును. హాజరు, ఉత్తీర్ణత, అర్హత, గడువులు, సహాయములు - ఈ యైదే అందుండవలయును. అది వచ్చువఱకు పఠనమందిరముల కార్యదర్శులు ఊరకుండ బనిలేదు. ఫలితములు వెలువడుటకు ముందుగా ఒక సాయంకాలము సభ జేసి, ఒక యధ్యాపకుని పిలిపించి, ఆ యేటి ప్రకటనను బిగ్గరగా చదివించి, చదువురాని తల్లికిని బోధపడునట్లు చెప్పింపుడు. దీనికి చందా లక్కఱలేదు, పందిళ్లక్కఱలేదు.

ఫలితములు వచ్చు దినమున ఇంటిలో మొదట వినబడు మాట తండ్రిదే. ఆ మాట తిట్టు గావచ్చును. "భోజనము చేయి నాయనా, నెలలో మరల వ్రాయవచ్చును" అనియు గావచ్చును. రెండవమాట చెప్పుటకు ప్రేమ యొకటే చాలదు. నియమము తెలిసియుండవలయును. తెలియని ప్రేమ భయపడును, భయపడిన ప్రేమ తిట్టును. కావున తల్లిదండ్రులారా, పిల్లవాని పుస్తకములు మీరు చదువలేకపోయినను, వాని పరీక్షానియమముల పత్రము నొక్కమారు చదువుడు, లేదా చదివించుకొని వినుడు. ర్యాంకుల పలకలను వానలు కడిగివైచును. మీ బిడ్డ మీయింట నుండవలయును.