పాడే ముఖాన్ని గీయాలంటే

డిసెంబరు 4న ఘంటసాల జయంతి వచ్చిందంటే, కొత్తగా పెన్సిల్ పట్టిన పిల్లలు చాలామంది ఆయన బొమ్మకే మొగ్గుతారు. 2020లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పోయినప్పుడూ అంతే. ఏదో ఒక ఫోటో, దాని మీద గళ్ళు, కాగితం మీద మళ్ళీ అవే గళ్ళు. గడికి గడి దింపుకుంటూ పోతే పోలిక వచ్చేస్తుంది. సినిమా బ్యానర్లు వేసిన ఆర్టిస్టులు దశాబ్దాల పాటు ఈ గళ్ళతోనే ఇల్లు గడుపుకున్నారు కనక పద్ధతిని తక్కువ చేసి మాట్లాడలేం. చిక్కల్లా ఒకటే. స్టూడియోలో ఫోటోకు కూర్చున్న ఘంటసాల, పాడుతున్న ఘంటసాల కారు.

ఇటలీ వయొలిన్ విద్వాంసుడు పగనీనిని ఇద్దరు ఫ్రెంచి చిత్రకారులు వేశారు. 1819లో ఆంగ్ర్ పెన్సిల్‌తో గీసిన బొమ్మలో కోటు మడతలు, జుట్టు, వాద్యం అన్నీ కొలిచి పెట్టినట్టుంటాయి. ఆంగ్ర్ స్వయంగా వయొలిన్ వాయించేవాడు కూడా. 1831లో పారిస్‌లో పగనీని కచేరీ విన్నాక దెలక్రువా వేసిన తైలవర్ణ చిత్రం అడుగున్నర ఎత్తు కూడా ఉండదు. నల్ల దుస్తులు చీకట్లో కలిసిపోయి ముఖం, చొక్కా, చేతులు మాత్రమే తేలతాయి. ఒళ్ళంతా వాద్యం చుట్టూ మెలి తిరిగి ఉంటుంది. మనిషిని గుర్తుపట్టడానికి ఆంగ్ర్ బొమ్మ చాలు. ఆ వాయింపు ఎలాంటిదో తెలియాలంటే మాత్రం దెలక్రువా బొమ్మే చూడాలి.

కదిలే మనిషిని గీయడం కష్టమే. అయితే సంగీతకారుడి కదలికలో ఒక సౌలభ్యం ఉంది: వచ్చిన భంగిమ మళ్ళీ వస్తుంది. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు పూర్తయ్యేసరికి గాయకుడి చెయ్యి మళ్ళీ తొడ మీదికి చేరుతుంది. మొదటిసారి అందని మణికట్టు వంపు మరుసటి ఆవర్తనంలో దొరుకుతుంది. కర్ణాటక పద్ధతిలో వయొలిన్ తల కుడి చీలమండ దగ్గర ఆనుతుంది, రెండో కొస ఛాతీకి ఆనుతుంది. అలా కూర్చుని గాయకుడి వైపు ఓరగా చూసే ఆ మెడ వంపు కచేరీలో ఎన్నోసార్లు కనబడుతుంది. బుర్రకథలో కథకుడు ముందుకు వెనక్కి అడుగులేసి, వంతలు అందుకునే చోట మళ్ళీ అదే నిలకడకు వస్తాడు. బజార్లో నడిచిపోయే మనిషి ఇన్ని అవకాశాలివ్వడు.

నోరు తెరిచిన ముఖం మరో పరీక్ష. పళ్ళు ఒక్కొక్కటే గీశామా, గాయకుడు కాస్తా దంతవైద్యుడి ముందు కూర్చున్నట్టు తయారవుతాడు. నోటి లోపలి నీడను ఒక ముద్దగా వదిలేసి, మెడ నరాల మీద, కనుబొమల మీద శ్రద్ధ పెట్టాలి.

ఏది ఉంచాలో ఏది వదలాలో తెలిసిన మొనగాళ్ళు ఉన్నారు. జపాన్‌లో షరాకు అనే చిత్రకారుడు 1794–95లో పదినెలల పాటే కనిపించి, 140కి పైగా చిత్రాలు ఇచ్చి మాయమయ్యాడు. అతనెవరన్నది ఇంకా చర్చే. అతను వేసిన కబుకి నటుడు ఓతాని ఓనిజి చేతులు దుస్తుల్లోంచి వింతగా పొడుచుకొస్తాయి. శరీరశాస్త్రం ప్రకారం అవి తప్పు, నాటకం ప్రకారం నూటికి నూరుపాళ్ళు ఒప్పు. పారిస్‌లో చిత్రకారుడు తులూజ్ లొత్రెక్ గాయని ఇవెత్ గిల్బేర్‌ను పదేపదే గీశాడు. తనను మరీ అంత వికారంగా చూపవద్దని ఆవిడ బతిమాలుకుంది. అయినా 1894లో అతను వేసిన పదహారు శిలాముద్రల ఆల్బమ్ 100 ప్రతుల మీద ఆవిడే సంతకం చేసింది. దాని ముఖచిత్రంలో మనిషే లేదు. ఆవిడ వేదిక మీద వేసుకునే పొడవాటి నల్ల చేతితొడుగులు మాత్రం ఉన్నాయి.

ఫోటోయే లేనివారి సంగతి? త్యాగరాజు 1847లో పోయారు. ఈనాడు క్యాలెండర్లలో, పూజగదుల్లో కనిపించే సంగీత త్రిమూర్తుల రూపాలకు మూలం ఎక్కువగా మద్రాసు చిత్రకారుడు ఎస్. రాజం (1919–2010) కుంచె. రాజం చిత్రకళ చదువుకున్నవాడే కాదు, కచేరీలు చేసిన గాయకుడు, ఆకాశవాణిలో పనిచేసినవాడు. తంబురా పట్టే తీరు ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన ఊళ్ళలో సంగీత సభలు నడిపేవారికి ఒక విన్నపం. ముందు వరుస సోఫాలు అతిథుల కోసం ఉంచుకోండి, అభ్యంతరం లేదు. వేదికకు పక్కగా, మృదంగం చేతులు కనబడే చోట ఒక చాప పరిచి, స్కెచ్ పుస్తకాలతో వచ్చే నలుగురు విద్యార్థులను కూర్చోనివ్వండి. ఫ్లాష్ కెమెరాల కంటే వాళ్ళవల్ల విద్వాంసులకు ఇబ్బంది తక్కువ.