ఇస్తిమారాలో కనబడని మచ్చ

మా పై పోర్షన్‌లో ఒక గుంటూరు అమ్మాయి ఉంటుంది. ఐన్ ఖాలిద్‌లో ఒక్కో విల్లాని ఐదారు పోర్షన్లు చేసి అద్దెకిస్తారు కాబట్టి, మెట్ల మీద ఎవరు ఎక్కుతున్నారో అడుగుల చప్పుడుని బట్టి చెప్పగలం. ఆ రోజు చప్పుడు వేరేగా ఉంది. పరుగున దిగొచ్చి, "అక్కా, కారు దొరికింది!" అంది.

ఆ పిల్లకి కారు అవసరం మామూలుది కాదు. భర్తకి రాస్ లఫాన్‌లో షిఫ్టు ఉద్యోగం, తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కాలి. బాబు కేజీ చదువుతున్నాడు. తనకిప్పుడు ఐదో నెల. పురుడు పోయడానికి వాళ్ళమ్మ ఊరి నుంచి వస్తోంది. మూడోసారికి డ్రైవింగ్ టెస్టు పాసై, ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బూ, భర్త ఇచ్చిందీ కలిపి ముప్ఫై వేల రియాల్స్ పోగేసుకుంది.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రకటన నాకు చూపించింది. 2019 మోడల్ ఎస్‌యూవీ, తెల్లటి రంగు, "80 వేలే తిరిగింది, ఫ్యామిలీ వాడిన కారు, ఎగ్జిట్ మీద వెళ్తున్నాం". అడుగుతున్నది 31,000. అలాంటి కారే గల్ఫ్ స్పెక్‌ది బయట 44,000కి తక్కువ చెప్పట్లేదు. పైగా అమ్ముతున్నవాళ్ళు మన తెలుగువాళ్ళే, అబూ హమూర్‌లో ఉంటారు.

"పదమూడు వేలు ఎందుకు తగ్గిస్తున్నారమ్మాయ్?" అన్నాను.

"వెళ్ళిపోతున్నారు కదక్కా, తొందర."

నిజమే, తొందరకి కొంత తగ్గుతుంది. కానీ పదమూడు వేలు తగ్గదు. ఫోటో పెద్దది చేసి చూస్తే స్పీడోమీటర్ మీద పెద్ద అంకెలు మైళ్ళవి, చిన్న అంకెలు కిలోమీటర్లవి. అంటే అమెరికా నుంచి వచ్చిన కారు. ఆ 80 వేలు కూడా మైళ్ళే, మన లెక్కలో సుమారు 1,29,000 కిలోమీటర్లు.

అమెరికన్ స్పెక్ అయినంత మాత్రాన కారు చెడ్డదేం కాదు. కాకపోతే అమెరికా నుంచి ఇంత దూరం ఓడలో పంపినా లాభం మిగిలేంత చవకగా అది ఎవరికి, ఎలా దొరికింది అన్న ప్రశ్న మాత్రం వేసుకోవాలి. చాలాసార్లు దానికి జవాబు బ్రాండెడ్ టైటిల్.

బ్రాండెడ్ అనగానే మనకి మంచి చీరో, ఖరీదైన వాచీయో గుర్తొస్తాయి. ఇక్కడ బ్రాండ్ అంటే వాత. మనకి ఆర్‌సీ ఎలాగో అమెరికాలో కారుకి టైటిల్ అలాగ. పెద్ద ప్రమాదం జరిగినా, వరదలో మునిగినా, బాగుచేసే ఖర్చు కారు విలువలో ఒక హద్దు దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ యజమానికి డబ్బు కట్టేసి కారుని తాను తీసుకుంటుంది. ఆ హద్దు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: ఫ్లోరిడాలో 80 శాతం, టెక్సస్‌లో 100 శాతం. అప్పుడు టైటిల్ మీద "సాల్వేజ్" అని పడుతుంది. బాగుచేసి, తనిఖీ చేయించి మళ్ళీ రోడ్డెక్కిస్తే "రీబిల్ట్" అవుతుంది. నీళ్ళలో మునిగిన వాటికి "ఫ్లడ్" అని వేసే రాష్ట్రాలున్నాయి. ఎన్ని చేతులు మారినా ఆ వాత చెరగకూడదన్నది చట్టం ఉద్దేశం. ఒక రాష్ట్రంలో పడిన మచ్చని ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళి కడిగేసే మోసాలు జరుగుతున్నాయనే, 1992 నాటి చట్టంతో నేషనల్ మోటార్ వెహికల్ టైటిల్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ అని దేశమంతటికీ ఒక రికార్డు పెట్టారు.

ఇలాంటి కార్లు వేలంలో అమ్ముడై, కొన్ని ఓడలెక్కి గల్ఫ్‌కి వస్తాయి. ఇక్కడ బాగుచేసి, రంగు వేసి, మెరిపించి అమ్ముతారు. కారు కొత్త దేశంలో రిజిస్టర్ అయితే కొత్త కాగితం వస్తుంది. మా పిల్ల తెచ్చిన ఇస్తిమారా ఫోటోలో మచ్చ గురించి ఒక్క మాట లేదు. ఛాసిస్ నంబరు మాత్రం ఉంది.

మనకి కావలసింది ఆ నంబరే. మొత్తం పదిహేడు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. మొదటిది 1, 4, 5 అయితే అమెరికాలో తయారైంది, 2 అయితే కెనడా, 3 అయితే మెక్సికో, జె అయితే జపాన్. అమెరికా మార్కెట్ కార్లకి పదో అక్షరం మోడల్ సంవత్సరం చెబుతుంది. కె అంటే 2019, ఎల్ అంటే 2020. అమెరికాలో తిరిగిన కారైతే ఈ నంబరుతో కార్‌ఫ్యాక్స్, ఆటోచెక్ లాంటివి రికార్డుకెక్కిన చరిత్ర ఇస్తాయి. గల్ఫ్ కోసమే తయారైన కార్ల గురించి వాటికి తెలియదు.

డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురికి నంబరు పంపితే, వాళ్ళకి పొద్దున, మనకి సాయంత్రం అయ్యేసరికి రిపోర్టు వచ్చింది. 2020లో ఫ్లోరిడాలో ముందువైపు ప్రమాదం. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి. టోటల్ లాస్. సాల్వేజ్ టైటిల్. వేలం. ఎగుమతి. నంబరుని ఊరికే గూగుల్‌లో కొట్టి చూస్తే వేలం నాటి ఫోటోలు కూడా దొరికాయి. బానెట్ మడతపడి, స్టీరింగ్ లోంచి తెల్లటి సంచి వేలాడుతూ. గ్రూపులో తళతళలాడిన కారు ఇదేనా అనిపించింది. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కాబోలు.

పెద్దమ్మ కూతురు ఇంకో మాట కూడా చెప్పింది. డల్లాస్‌లో వాళ్ళ పక్కింటివాళ్ళు తెలిసీ రీబిల్ట్ టైటిల్ కారు కొన్నారట. వడగళ్ళ వానకి పైకప్పంతా సొట్టలు పడి టోటల్ లాస్ అయిందది. ఇంజను, బ్రేకులు చెక్కుచెదరలేదు. ఏళ్ళ తరబడి హాయిగా తిరుగుతున్నారు. మచ్చ ఉన్న ప్రతి కారూ పనికిరానిదని కాదు. ఆ మచ్చ దేనివల్ల పడిందో తెలియాలి. వడగళ్ళైతే ఆలోచించొచ్చు. దొంగతనానికి పోయి దొరికిన కారైతే పరీక్ష చేయించి ఆలోచించొచ్చు. నీళ్ళలో మునిగినదైతే నా మాట విని వదిలేయండి. ఈనాటి కార్లలో వైర్ల చివర్లు నెమ్మదిగా తుప్పు పడతాయి, ఏ నెలలో ఏది ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు. నీళ్ళ కారు అమెరికా నుంచే రానక్కర్లేదు కూడా. 2024 ఏప్రిల్ 16న యూఏఈలో 1949 నుంచి ఉన్న రికార్డులు బద్దలయ్యేంత వాన కురిసి, దుబాయ్ రోడ్ల మీద ఎన్ని కార్లు మునిగాయో మనందరం చూశాం.

మా పిల్ల కారుది ఎయిర్‌బ్యాగు ప్రశ్న. తెరుచుకున్నవాటి స్థానంలో కొత్తవి పెట్టారా, లేదా?

శుక్రవారం సాయంత్రం అమ్మేవాళ్ళని ఒప్పించి, ఇండస్ట్రియల్ ఏరియాలో మాకు తెలిసిన మలయాళీ మెకానిక్ దగ్గరికి అందరం వెళ్ళాం. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి, కొన్ని క్షణాలకి ఆరింది. "చూశారా, బాగానే ఉంది" అన్నాడు ఆయన, ఎంతో నమ్మకంగా. మెకానిక్ ఏమీ అనలేదు. ముందు రంగు మందం కొలిచే మీటరు పెట్టాడు. వెనక తలుపు మీద 120 మైక్రాన్లు, ముందు ఫెండర్ మీద 600 దాటింది. అంటే లోపల పుట్టీ. తరవాత కంప్యూటర్ తగిలించాడు. చివరికి ప్రయాణికుడి వైపు డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వైరు కనెక్టర్ బయటికి లాగాడు. ఎయిర్‌బ్యాగుకి వెళ్ళాల్సిన వైరు చివర ఒక చిన్న రెసిస్టర్ అతికించి ఉంది. బ్యాగు ఉందని కారుని నమ్మించడానికి. లైటు ఆరేది అందుకే. ఆ వైపు అసలు బ్యాగే లేదు.

ఎవరం మాట్లాడలేదు. అమ్మేవాళ్ళ ఆవిడ నెమ్మదిగా అంది: "మూడేళ్ళ నుంచి ఆ సీట్లో నేనే కూర్చుంటున్నానండీ."

ఆయన ముఖం చూస్తే ఆయనకీ తెలియదని అర్థమైంది. మూడేళ్ళ క్రితం ఎవరి దగ్గరో మంచి ధర పెట్టే కొన్నారు. ఏటా ఫాహెస్ తనిఖీ కూడా పాసైంది. ఆ తనిఖీ బ్రేకులూ, పొగా, టైర్లూ ఈ రోజు ఎలా ఉన్నాయో చూస్తుంది. కారు పాత కథ చెప్పడం దాని పని కాదు.

ఇక్కడితో కథ అయిపోతే నేను ఈ నెల రాసేదాన్ని కాదు. ఆయనకి ఉద్యోగం పోయింది. మూడు వారాల్లో దేశం వదలాలి, ఈలోగా కారు ఇంకొకరి పేరుకి మారాలి. ఆ 31,000 మీద ఏవో లెక్కలు వేసుకునే ఉంటారు. ఇంకెవరో రేపు ఫోన్ చేస్తారు, వాళ్ళు రిపోర్టు తీయరు, వైరు లాగరు. ఇంటికొచ్చాక మా పిల్ల అడిగింది, "అక్కా, గ్రూపులో పెట్టాలా? పెడితే ఆయన గతి ఏమిటి? పెట్టకపోతే కొనేవాళ్ళ గతి ఏమిటి?" ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. పరాయివాడైతే ఒక్క నిమిషంలో పెట్టేసేదాన్నేమో.

పొద్దున్నే ఆవిడకి ఫోన్ చేశాను. గ్రూపులో నేను పెట్టను, మీరే పెట్టండి, రిపోర్టు మీకు పంపుతున్నాను అన్నాను. ఆవిడ కొంచెంసేపు ఊరుకుని, "రాత్రే అనుకున్నామండీ" అంది. మధ్యాహ్నానికి ప్రకటన మారింది. రిపోర్టు, వేలం ఫోటోలు, వైరు ఫోటో అన్నీ పెట్టారు. "ముందువైపు ప్రమాదం జరిగిన కారు, ఒక ఎయిర్‌బ్యాగు లేదు" అని తెలుగులోనే రాశారు. చివరికి ఒక గ్యారేజీ వాళ్ళు 17,000కి తీసుకున్నారు. ఆయనకి పెద్ద దెబ్బే. వెళ్ళేముందు వాళ్ళ కుక్కరూ, మిక్సీ, పిల్లల సైకిలూ మా పిల్లకి ఇచ్చి వెళ్ళారు. డబ్బు ఇస్తానంటే తీసుకోలేదు.

మా పిల్ల తరవాత నెలన్నర వెతికి 2015 గల్ఫ్ స్పెక్ చిన్న కారు 19,000కి కొంది. 1,60,000 కిలోమీటర్లు తిరిగింది, సీట్లు కొంచెం వెలిశాయి, కానీ సర్వీసు పుస్తకంలో ప్రతి స్టాంపూ ఉంది.

కొనబోయేవాళ్ళ కోసం, ఫోన్‌లో దాచుకోండి:

ఛాసిస్ నంబరు ముందే అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడే ఆగండి. ఇస్తిమారాలో ఉన్నదీ, ముందు అద్దం కింద కనబడేదీ, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదీ ఒకటేనా చూడండి.

అమెరికా కారైతే రిపోర్టు తీయించండి. అక్కడ మన అక్కచెల్లెళ్ళు లేని కుటుంబం ఏముంది? రీకాల్ ఉందేమో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో అదే నంబరుతో ఉచితంగా తెలుస్తుంది. టకాటా ఎయిర్‌బ్యాగుల్లోని రసాయనం ఏళ్ళ తరబడి వేడికీ ఉక్కకీ పాడైంది. ఆ రెండింటికీ దోహాలో కొదవ లేదు.

సీటు బెల్టు చివరంటా లాగి బురద చార ఉందేమో చూడండి. స్టెప్నీ టైరు గుంటలోనూ, కార్పెట్ కిందా చెయ్యి పెట్టండి. ఏసీ ఆపి ముక్క వాసన వస్తుందేమో గమనించండి.

లైటు ఆరిందని ఊరుకోకుండా, మీకు తెలిసిన మెకానిక్‌తో కంప్యూటర్ స్కాన్ చేయించండి. అమ్మేవాళ్ళ మెకానిక్ వద్దు.

డబ్బు ఇవ్వకముందే ఇన్సూరెన్స్ వాళ్ళకి చరిత్ర చెప్పి, ఫుల్ ఇన్సూరెన్స్ ఇస్తారా, ఎంత విలువకి ఇస్తారు అని రాతపూర్వకంగా అడగండి.

"మన తెలుగువాళ్ళే కదా" అన్నది మంచి మాటే. మంచివాళ్ళు కూడా తెలియక చెడ్డ కారు అమ్ముతారు. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడి ఉంటే, ఆ సీట్లో ఈసారి గుంటూరు నుంచి వచ్చే వాళ్ళమ్మ కూర్చుని ఉండేది.

వాళ్ళమ్మ వచ్చే వారం దిగుతోంది. విమానాశ్రయానికి తానే వెళ్తానంటోంది మా పిల్ల. పక్క సీట్లో కూర్చోవడానికి నన్ను రమ్మంది.