లారీ అద్దము వెనుక దీపము ఎవరి మేలునకు?

మన దీపమని ముద్దు పెట్టుకొన్నచో మీసములు కాలకుండునా అని పెద్దలు చెప్పిన సామెత, మన సంఘ సభ్యులలో లారీలు గలవారికిని, లారీలలో సరకు తెప్పించుకొను నాబోటి వర్తకులకును నేడు మిక్కిలి వర్తించుచున్నది. లారీ ముందరి అద్దమునకు లోపలి వైపున ఎల్.ఇ.డి. బార్ లైటును బిగించుకొను అలవాటు మనవారిలోను ప్రవేశించినది. కొందరికి ఇది అలంకారము, మరికొందరికి రక్షణ. నా అభిప్రాయమున ఇది అలంకారమును కాదు, రక్షణయు కాదు. మొదట మన డ్రైవరు చూపును, పిదప ఎదుటివాని చూపును హరించు వస్తువు. ఈ మాట కొందరు మిత్రులకు కష్టము కలిగించునని యెరిగియే వ్రాయుచున్నాను.

గడచిన చలికాలమున ఒక రాత్రి మదనపల్లె నుండి టమాటా లారీలో డ్రైవరు ప్రక్కన కూర్చుండి బెంగళూరునకు వచ్చుచుంటిని. చింతామణి దాటి హొసకోటకు చేరువగుచుండగా మంచు దట్టముగ క్రమ్మెను. దారి కనబడుట లేదని డ్రైవరు బార్ లైటు స్విచ్చి వేసెను. తోడనే అద్దము పాలు పోసినట్లు తెల్లబడెను, రోడ్డు మాయమయ్యెను. అతడు గాభరాపడి స్విచ్చి ఆర్పెను గాని, కన్నులకు చీకటి తప్ప మరేమియు మిగులలేదు. కొంత సేపటికి పూల గంపలు కట్టుకొన్న మోపెడు ఒకటి మా బంపరునకు రెండు బారల దూరమున కనబడెను. బలము కొలది బ్రేకు తొక్కినందున ఆ రైతు బ్రదికెను. ఆ లైటు కొనిపెట్టినది లారీ యజమాని. తెల్లవారు నాలుగు గంటలకు సరకు మార్కెటులో ఉండి తీరవలెనని పట్టుబట్టినది నేను. డ్రైవరును మందలించుటకు నాకు నోరు రాలేదు.

ఇట్లేల జరుగునో కొంచెము విచారింతము. నిర్మలమైన గాజుపై తిన్నగ పడిన వెలుతురులో ఒక్కొక్క ముఖము నుండి సుమారు నూటికి నాలుగు వంతులు వెనుకకు మరలును. గాజునకు ముఖములు రెండు గనుక ఎనిమిది వంతులు క్యాబిను లోపలికే వచ్చును. అద్దము ఏటవాలుగ నున్నచో, దుమ్ము, చమురు జిడ్డు, వైపరు గీతలు ఉన్నచో, ఇది మరింత హెచ్చును. చీకటికి అలవాటుపడిన కనుపాప ఆ వెలుతురునకు ముడుచుకొనును. దాని తరువాత చీకటిలోనిది మరల కనబడుటకు కొన్ని సెకండ్లు పట్టును. గంటకు అరువది కిలోమీటర్ల వేగమున లారీ మూడు సెకండ్లలో ఏబది మీటర్లు సాగును. అనగా ఏబది మీటర్లు గ్రుడ్డివాడు నడిపినట్లే. ఇక మంచులో కంటికి సమీపమున, ఎత్తున వెలిగిన దీపము మంచు బిందువులపై పడి తిరిగి కంటికే వచ్చును. అందుచేతనే ఫాగ్ ల్యాంపును బంపరు క్రింద అమర్చుదురు గాని నొసటిపై అమర్చరు.

అందులకు మిత్రులు చెప్పు సమాధానములు నేను వినియే యున్నాను. "బయట పెట్టినచో దొంగలు విప్పుకొని పోవుదురు, పోలీసువారు పట్టుకొందురు, లోపల నున్నచో ఆ రెండు బెడదలును లేవు" అని ఒక దుకాణదారుడు నాతో నవ్వుచు చెప్పెను. దొంగ వలన దాచుట సరియే. పోలీసు వలన దాచవలసిన వస్తువు వర్తకునకు వస్తువెట్లగును? "రబ్బరు తొడుగు వేసి అద్దమునకు ఆనించినచో వెలుతురు వెనుకకు రాదు" అని మరియొకరందురు. కొంత తగ్గును, ఒప్పుకొందును. అయినను ఆ ఎత్తు నుండి తిన్నగ పోవు వెలుతురు ఎదుట వచ్చు కారు వాని కన్నులలోను, స్కూటరు వాని కన్నులలోను పడుటను ఆ తొడుగు ఆపగలదా? "ఎదుటివాడు హై బీములో వచ్చుచున్నాడు, మనమేల ఊరకుండవలెను?" అనునది మూడవ వాదము. రెండు లారీలును గ్రుడ్డివైనచో గెలుపు ఎవరిది?

చట్టము ఈ విషయమున మౌనముగ లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో నూటయారవది, ముందు వైపునకు వెలుగు చూపు ప్రతి దీపమును క్రిందికి వంగియుండవలెననియు, ఎనిమిది మీటర్ల దూరమున, మీటరున్నర ఎత్తున నున్న మనిషి కంటికి మిరుమిట్లు కలిగింపరాదనియు విధించుచున్నది. నూటపదునొకండవ నియమము, అధికారి ముందుగ అనుమతించిన అరుదైన సందర్భములలో తప్ప, ముందు వైపున స్పాట్ లైటును, సెర్చి లైటును నిషేధించుచున్నది. 2019 సవరణ పిదప, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు అయిదు వేల రూపాయల జరిమానాయో, ఆరు మాసముల వరకు జైలో, రెండునో పడవచ్చును. 2024 జూలైలో కర్ణాటక పోలీసువారు ఇట్టి మిరుమిట్ల దీపములపై రాష్ట్రమంతట తనిఖీలు జరిపి కేసులు పెట్టిన సంగతి మనకందరకు తెలిసినదే. ఎఫ్.సి.కి పోవు నాడు విప్పి, మరునాడు మరల బిగించు యజమానులు తాము మోసగించునది ఆర్.టి.ఓ.ను కాదు, తమ డ్రైవరు ప్రాణమునని గ్రహింతురు గాక.

హెడ్‌లైటు చాలదను మాట మాత్రము పలుమారు నిజమే. ఏల చాలదు? పాత వైరు, త్రుప్పు పట్టిన ఎర్తు, కాలిన స్విచ్చి మూలమున ఇరువదినాలుగు వోల్టుల కరెంటు బల్బు చేరులోపల తగ్గిపోవుచున్నది. సాధారణ హాలొజన్ బల్బునకు వోల్టేజి నూటికి పది తగ్గినచో వెలుతురు సుమారు ముప్పది తగ్గును. కావున మంచి వైరు, ఒక రిలే, శుభ్రమైన ఎర్తు వేయించినచో పాత హెడ్‌లైటే క్రొత్తదానివలె వెలుగును. పసుపెక్కిన దీపపు మూతను మెరుగు పెట్టింపవలెను. పది మీటర్ల దూరమున గోడకు ఎదురుగ లారీని నిలిపి, డిమ్ము వెలుతురు దీపపు ఎత్తుకంటె సుమారు పది సెంటీమీటర్లు దిగువన పడునట్లు సరిచేయవలెను. అద్దమును లోపలి వైపున కూడ తుడువవలెను. ఈ పనులన్నియు కలిపి ఒక పూట పని. అయినను వీనిని మాని, ఫ్యూజు కూడ లేక బ్యాటరీ నుండి తిన్నగ వైరు లాగి బార్ లైటు బిగించుకొనుచున్నాము. ఆ వైరు ఒరసికొని అంటుకొన్ననాడు సరకుతో పాటు క్యాబినులో నిద్రించుచున్న క్లీనరు గతి యేమి?

మనము తరతరములుగ ఈ నగరమున నివసించుచున్నవారము. కలాసిపాళ్యములోను, యశవంతపుర యార్డులోను, జె.సి. రోడ్డు దుకాణములలోను మనకు గల పరపతి కన్నడ సోదరుల నమ్మకము వలన నిలిచినది. అద్దముపై తెలుగు అక్షరములు, వాని వెనుక కన్నులు పొడుచు దీపము గల లారీ రాత్రి ఎదురైనప్పుడు బైకుపై నున్న వాడు శపించునది ఆ డ్రైవరును మాత్రమే కాదు.

కావున నేను మూడు సంగతులు ప్రతిపాదించుచున్నాను. లోపలి బార్ లైటు గల లారీకి మన వర్తకులు సరకు నెత్తింపరాదు. విడిభాగములమ్ము మన సభ్యులు దీనిని రోడ్డు లారీలకు అమ్మరాదు. దానికి మారుగ హెడ్‌లైటు మరమ్మతు సామగ్రిని అమ్ముదురు గాక, అందులోను లాభము కలదు. మూడవది అన్నిటికంటె ముఖ్యము: మంచు కురియు మాసములలో సరకు రెండు గంటలు ఆలస్యమైనను బత్తాలో కోత విధింపరాదు. డ్రైవరును తొందరపెట్టునది మనము. ఆ తొందరయే ఆ స్విచ్చిని నొక్కించుచున్నది.

నా మట్టుకు నేను ఈ మూడింటిని నా సరకు విషయమున ఈ వారము నుండి అమలు జరుపుచున్నాను. సమ్మతించు సభ్యులు సంఘ కార్యాలయమున తమ పేరు వ్రాయింప ప్రార్థన. సమ్మతింపనివారు తమ కారణములను ఈ పత్రికకే వ్రాసిన పక్షమున సంతోషముతో చదువగలను.